నా నోటుబుక్కులో పెరగని పిల్లలు

ముందుగా ఒప్పుకోవలసింది

మొన్న ఒక అబ్బాయీ అమ్మాయీ మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ జంతుశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, కొండల్లో కోతుల్ని ఏళ్ళ తరబడి గమనించే పనిలో చేరబోతున్నారు. ఎవరో నా పేరు చెప్పారట. కాఫీ తాగి, పుస్తకాలు తెరిచి, కలాలు పట్టుకుని నాకేసి చూస్తూ కూర్చున్నారు. పదేళ్ళు కొండముచ్చుల వెంట తిరిగినవాడు కదా, నాలుగు గట్టి మాటలు చెబుతాడని వాళ్ళ ఆశ. గంటసేపు మాట్లాడాను. వాళ్ళు వెళ్ళాక తలుచుకుంటే నేను చెప్పిన దాంట్లో సగం నాకే అర్థం కాలేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "పాపం, ఆ పిల్లల్ని ఎందుకలా తికమక పెట్టీసేరు?" అంది.

నేను పెట్టలేదు మహాప్రభో. నేనే ఇప్పటికీ తికమకలో ఉన్నాను. కొండ దిగి ముప్ఫై ఏళ్ళు దాటింది, ఉద్యోగం మానేసి కూడా చాలాకాలమైంది, అయినా ఆ పదేళ్ళలో నేను చూసింది ఏమిటో తేల్చి చెప్పమంటే తల గోక్కుంటాను. అందుకే ఆ పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్లూ, కట్టిన ఫైళ్ళూ ఇందులో ఉండవు. ఒక దొర, ఒక కొండమనిషి, అతని భార్య, ఒక చెవి తెగిన ఆడ కొండముచ్చు, నేను చేసిన ఒక పెద్ద తప్పు, ఇవే ఉంటాయి.

దొర, ఆయన అంకెలు

నేను చేరింది చచ్చిన జంతువుల ఉద్యోగంలో. ఊరూ పేరూ వద్దుగానీ, ఒక మ్యూజియంలో చర్మాలు వొలవడం, వాటికి పటిక పట్టించడం, లోపల కొబ్బరి పీచు కూరి గాజు కళ్ళు పెట్టడం నా పని. విజయనగరం వైపు రైతు కుటుంబం మాది. కాలేజీలో చదివినవాడు పులి తోలుకి పీచు కూరుతున్నాడని మా నాన్న ఊళ్ళో ఎవరికీ చెప్పుకునేవాడు కాదు.

పందొమ్మిది వందల ఇరవై ప్రాంతాల్లో మా పైకి కొత్త దొర వచ్చాడు. పొడుగ్గా, ఎండకి కందిపోయిన ముక్కుతో, ఎప్పుడూ ఏదో మర్చిపోయినవాడిలా జేబులు తడుముకుంటూ ఉండేవాడు. వచ్చిన వారానికి నన్ను పిలిచి, బీరువాలో ఉన్న కొండముచ్చు బొమ్మని చూపించి, "మిస్టర్ రావు, ఇది బతికున్నప్పుడు రోజంతా ఏం చేసేది?" అని అడిగాడు. తెలియదన్నాను. "నాకూ తెలియదు. వెళ్ళి చూసి రండి" అన్నాడు. ఆ రోజుల్లో అది పిచ్చి మాట. అడవికి వెళ్ళడమంటే తుపాకీతో వెళ్ళడమే.

దొర మూడు షరతులు పెట్టాడు. కాల్చకూడదు. జంతువులకి పేర్లు పెట్టకూడదు, అంకెలే వెయ్యాలి. పేరు పెడితే మనసు దాని మీదికి పోతుందని ఆయన వాదన. మూడోది, కళ్ళతో చూసిందే రాయాలి. మొదటి రెండూ ఆరేళ్ళు పాటించాను. మూడోది మొదటి ఏడాదే తప్పాను, తప్పానన్న సంగతి కూడా నాకు తెలియలేదు.

ఎలాగంటే, కొండ మీద నేను ఏడాదికి రెండు నెలలే ఉండేవాణ్ణి. జనవరి ఆఖరున శృంగవరపుకోట దాకా బండి, అక్కణ్ణించి కావిళ్ళ వాళ్ళతో కాలినడకన అనంతగిరి. కాఫీ తోటలు దాటాక ఒక గెడ్డ, అంటే కొండవాగు, పక్కన గుడారం. మార్చి ఆఖరుకి దిగిపోవాలి. ఆ తరవాత ఎండలు, పోడు మంటలు. ఆ వెనక వానలు, కొండజ్వరం. వానల్లో పైకి వెళ్ళిన మైదానపు మనిషి మంచం మీద దిగేవాడు, లేదా దిగేవాడే కాదు. మిగతా పది నెలలూ మంద ఏం చేసిందో బుద్రు చెప్పాలి, నేను రాసుకోవాలి.

బుద్రు

గొల్లోరి బుద్రు ఇంచుమించు నా ఈడువాడే. పొట్టి గొడ్డలి భుజాన, చుట్ట చెవిలో. నడుస్తుంటే ఆకు చప్పుడయ్యేది కాదు. గెడ్డకి అవతల పది ఇళ్ళ పల్లె వాళ్ళది. మొదటి రోజు మంద దగ్గరికి తీసికెళ్ళి, రాతి మీద కూర్చోబెట్టి, చెట్ల మీద ఉన్న కొండముచ్చుల్ని ఒక్కొక్కదాన్నీ వేలు పెట్టి చూపిస్తూ పేర్లు చెప్పాడు. నేను కంగారుపడి, "పేర్లొద్దు బుద్రూ, అంకెలు వేసుకుందాం" అన్నాను.

"అంకెలేటి బాబూ, ఆళ్ళకి పేర్లున్నాయి గదా?" అన్నాడు.

"ఎవరు పెట్టారు?"

"మేమే. ఈళ్ళు మా వోళ్ళే. మేం గొల్లోరి వోళ్ళం."

ఆ కొండల్లో ఒక్కో ఇంటిపేరుకీ ఒక్కో జంతువు చుట్టం. కిల్లో వాళ్ళకి పులి, వంతల వాళ్ళకి పాము, గొల్లోరి వాళ్ళకి కోతి. ఆ జంతువుని వాళ్ళు కొట్టరు, తినరు. మంచి చుట్టరికమే అనుకుని నవ్వుకున్నాను. అతను చెప్పిన పేర్లకి ఎదురుగా అంకెలు వేసుకుని, దొరకి పంపే కాగితాల్లో అంకెలే ఉంచాను. ఎడమ చెవి సగం తెగిన ఆడది నాలుగు. దాని పొట్టని అంటిపెట్టుకున్న బూడిదరంగు పిల్ల పదకొండు. బుద్రు దాన్ని సునై అనేవాడు.

నేను కొండ దిగే రోజున బుద్రు ఒక నారతాడు తీసేవాడు. మందలో ఎన్ని ఉంటే అన్ని ముడులు దానికి వేసి ఉంచేవాడు. మళ్ళీ ఏడాది నేను పుస్తకం తెరిచి ఒక్కొక్కటీ అడగడం, అతను ముడి పట్టుకుని జవాబు చెప్పడం.

"నాలుగు ఉందా? అదే, తెగిన చెవిది?"

"ఉంది బాబూ."

"సునై ఉందా?"

"ఉంది."

అందరూ ఉన్నారు. ప్రతి ఏడూ అందరూ ఉండేవారు. ఒక్క చావు కూడా లేని మంద! నా పట్టిక చూసి నాకే ముచ్చటేసేది.

ఒకసారి చుట్ట కాల్చుకుంటూ, "ఈ పిల్లలు పుట్టినప్పుడు నల్లగా ఉంటాయి బాబూ, బొగ్గులాగ" అన్నాడు. నేను నవ్వేశాను. బూడిదరంగు తల్లికి నల్లపిల్ల ఎలా పుడుతుందోయ్ అన్నాను. అతనూ నవ్వి ఊరుకున్నాడు. ఆ మాట పుస్తకంలో రాయలేదు. కళ్ళతో చూసిందే రాయాలి కదా! అతను చెప్పినవాటిలో నాకు నచ్చినవి రాసుకుని, నచ్చనిదాన్ని మాత్రం దొర షరతు పేరు చెప్పి వదిలేశాను. ఆ పిల్లలిద్దరూ ఈ ఒక్క ముక్క అయినా గీత గీసి ఉంచుకుంటే బావుండును.

బుద్రు భార్య గురుబారి. మధ్యాహ్నం నాకు అన్నం, అతనికి చోడంబలి, అదే రాగి అంబలి, తెచ్చేది. మాట తక్కువ మనిషి. మొదటి ఏడు ఆవిడ వీపున గుడ్డలో కట్టిన పసిబిడ్డ ఉండేది. పేరు అడిగితే "పుల్మతి" అంది. రెండో ఏడు వెళ్ళేటప్పుడు విజయనగరంలో దర్జీ చేత చీటీ గుడ్డతో ఒక చిన్న గౌను కుట్టించి పట్టుకెళ్ళాను. ఎర్ర పువ్వులది. అప్పుడు పిల్ల కనబడలేదు. "పుల్మతి ఉందా?" అంటే, "ఉంది బాబూ" అని గౌను పుచ్చుకుంది.

పెరగని పిల్లలు

మూడో ఏడాది నుంచీ నా పుస్తకంలో ఒక వింత మొదలైంది. సునై పెరగడం లేదు. మొదటి ఏడు తల్లి మోచెయ్యంత ఉండేది. రెండో ఏడూ అంతే. మూడో ఏడూ అంతే, ఇంకా పాలు తాగుతోంది. ఇంకో రెండు పిల్లల సంగతీ అంతే. మరో తల్లి పిల్ల మాత్రం చక్కగా పెరిగి చెట్లెక్కి గంతులేస్తోంది. ఎందుకు కొన్ని పెరుగుతున్నాయి, కొన్ని పెరగడం లేదు? తిండి చాలకనా? జ్వరమా? రాతి మీద కూర్చుని ఇదే ఆలోచన. నడుము పట్టేసేది, కాళ్ళు తిమ్మిరెక్కేవి, పావుగంటకోసారి గడియారం చూసి "పదకొండు, పాలు తాగుతోంది" అని రాసేవాణ్ణి.

నాలుగో ఏడాదికి నాకు ఒక సిద్ధాంతం తట్టింది. వానల్లో ఆకు చేదెక్కుతుంది, తల్లులు చిక్కుతాయి, పిల్లల పెరుగుదల ఆగిపోతుంది. అయినా తల్లులు వాటిని ఏళ్ళ తరబడి ఒళ్ళో పెట్టుకుని చావనివ్వకుండా కాస్తాయి. రాసి దొరకి పంపాను. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇలాంటిది ఎవరూ రాయలేదన్నాడు. ఎందుకు రాయలేదో ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. సీమలో, అంటే ఇంగ్లండులో, అచ్చవుతుంది, ఆయన పేరు కింద నా పేరు కూడా ఉంటుందన్నాడు. పీచు కూరేవాడి పేరు సీమ పత్రికలో! మా నాన్నకి చూపించాలని ఎంత ఉబలాటపడ్డానో చెప్పలేను.

ఈ మధ్యలోనే ఇంకో సంగతి జరుగుతూ వచ్చింది. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను.

మూడో ఏడాది గురుబారి వీపున మళ్ళీ బిడ్డ కనబడింది. గుడ్డలోంచి తలవెంట్రుకలూ ఒక చిన్న పాదమూ తప్ప ఏమీ కనబడవు. పుల్మతేనా అంటే ఔనంది. రెండేళ్ళు దాటిన పిల్ల ఇంకా వీపునేమిటి అనుకున్నాను. మూడేళ్ళ పిల్లకి సరిపోయే గౌను తెచ్చాను, ఇచ్చాను. ఐదో ఏడాది కూడా అదే గుడ్డ, అదే పాదం. ఈసారి నాలుగేళ్ళ పిల్ల గౌను తెచ్చి ఉన్నాను. నాకు కోపం వచ్చింది. అప్పటికి నేను పెరగని పిల్లల గురించి పెద్ద పండితుణ్ణి కదా! "ఏటమ్మా ఇది? నాలుగేళ్ళొచ్చినా పిల్ల నడవదా? తిండి పెట్టడం లేదా? పొద్దస్తమానం పోడులో పడి ఉంటే పిల్ల ఎలా ఎదుగుతుంది? నువ్వు తల్లివేనా?" అని కేకలేశాను. బుద్రు నేలకేసి చూస్తున్నాడు. గురుబారి గౌను మడత పెట్టుకుని, అన్నం గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. ఆరో ఏడాదీ ఇంకో గౌను తెచ్చాను, ఇంకో రెండు మాటలు అన్నాను.

పొద్దున్నించి సాయంత్రం దాకా కొండముచ్చుల తోకలూ చెవులూ పళ్ళూ చూస్తూ కూర్చునేవాణ్ణి. నాలుగడుగుల దూరంలో ఉన్న ఆ బిడ్డ మొహాన్ని ఒక్కసారైనా గుడ్డ తీసి చూడలేదు.

తుపాకీ

ఆ ఏడాది అక్టోబరులో దొర దగ్గర్నించి ఉత్తరం. వ్యాసం సిద్ధమైంది. అయితే సీమలో పెద్దలు నమ్మాలంటే రుజువు కావాలి. పళ్ళు చూస్తే పిల్ల వయసు తేలిపోతుంది. కాబట్టి మొదటి షరతు ఈ ఒక్కసారికి సడలిస్తున్నాను. వెంటనే వెళ్ళి నాలుగునీ పదకొండునీ కాల్చి పుర్రెలు పంపండి అని.

ఇక్కడ దొరని తిట్టడం తేలిక. నేనూ కొన్నాళ్ళు తిట్టుకున్నాను. కానీ నిదానంగా ఆలోచిస్తే ఆయన అడిగింది సరైన ప్రశ్నే. ఒక్క పుర్రె చూస్తే ఆరేళ్ళ అబద్ధం అరగంటలో బయటపడేది. అది తెలిశాక కూడా కాల్చకపోవడమే మంచిదని నా మనసుకి అనిపిస్తుంది. ఈ రెండూ ఎలా నిజమవుతాయో నన్నడక్కండి.

నవంబరు మొదట్లో, నేను ఎన్నడూ వెళ్ళని కాలంలో, వెళ్ళాను. కొండంతా పచ్చగా, వలిసె పూలు పసుప్పచ్చగా, నాకు కొత్త ఊరిలా ఉంది. బుద్రు నా చేతిలో ఉన్న పొడుగాటి పెట్టెకేసి చూశాడు.

"అదేటి బాబూ?"

"తుపాకి."

"ఎవులికి?"

పదకొండుకి అన్నాను. అంకె చెబితే మాట తేలిగ్గా వచ్చింది. ఆ సౌకర్యం కోసమే దొర అంకెలు పెట్టమన్నాడేమో. బుద్రు కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. అతనికి నా అంకెలు అన్నీ వచ్చు.

"సునైకా?"

"ఔను. తల్లికి కూడా."

కాదంటాడనుకున్నాను, దణ్ణం పెడతాడనుకున్నాను. అతను గొడ్డలి గుడారం దగ్గర పెట్టేసి, వట్టి చేతులతో ముందు నడిచాడు. "రా బాబూ. ముందల సూడు. సూసి కాల్చు" అన్నాడు.

మంద ఒక పెద్ద మద్దిచెట్టు మీద ఉంది. తెగిన చెవి కింద కొమ్మ మీద కూర్చుని ఉంది, నాకు బాగా అందే దూరం. తుపాకీ ఎత్తాను. దాని రొమ్ముకి అంటుకుని ఏదో నల్లగా కదిలింది. బొగ్గు ముక్కలా ఉంది. గులాబీ రంగు మొహం, గుప్పెడంత తల. పుట్టి నాలుగు రోజులు కూడా అయ్యుండదు.

తుపాకీ దించాను. "ఇదెవరు?" అన్నాను.

"సునై."

"సునై బూడిదరంగు కదా? మార్చిలో నేను చూసి వెళ్ళాను కదా?"

"అది పోనాది బాబూ. నువ్వు కొండ దిగిన పది దినాలకి పోనాది. మల్లా ఇది వొచ్చినాది" అన్నాడు, మందకి వినబడకుండా నా చెవి దగ్గర.

"అంతకు ముందటేడు చూసింది?"

"అదీ పోనాది. మల్లా వొచ్చినాది."

రాతి మీద కూలబడ్డాను. పట్టిక మొత్తం కళ్ళ ముందు కదిలింది. పిల్లలు పెరగకపోవడం కాదు, బతకకపోవడం. ఒక్క చావూ లేని మందలో ఏటేటా చావులే. నేను దిగిపోయాక పాత పిల్ల పోతుంది, నేను వచ్చేలోపు కొత్తది పుట్టి, మూడు నెలల్లో నలుపు పోయి బూడిదరంగు తేలుతుంది. నేను వెళ్ళి అదే సునై అని రాసుకుంటాను.

"ఎందుకు చెప్పలేదు బుద్రూ? ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను.

అతనికి నా కోపం అర్థం కాలేదు. "ఏటి సెప్పాలి? నువ్వు ఉందా అని అడిగినావు. ఉంది అన్నాను. నల్లగా పుడతాయని కూడా సెప్పినాను గదా, నువ్వు నవ్వినావు."

అతనే నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. వాళ్ళలో బిడ్డ పుడితే, పెద్దాయన గిన్నెలో నీళ్ళు పోసి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెబుతూ బియ్యపుగింజ వేస్తాడట. ఏ పేరు దగ్గర గింజ నిలబడితే వాళ్ళే తిరిగి వచ్చినట్టు. పసిబిడ్డ పోతే మళ్ళీ ఆ తల్లి ఒళ్ళోకే వస్తుంది. "అందుకే పోనాది అని పైకి అనం బాబూ. అంటే దానికి తెలిసిపోద్ది, ఇంక ఇక్కడ సోటు లేదని. దారి తప్పిపోద్ది. నువ్వు తుపాకి తెచ్చినావని ఇయ్యాల నీ సెవిలో అన్నాను."

మా వాళ్ళు అన్నాడు కదా కొండముచ్చుల్ని. వాటికీ అదే లెక్క.

అప్పుడు తట్టింది నాకు.

"పుల్మతి?" అన్నాను.

బుద్రు లేచి పల్లె దారి పట్టాడు.

వెదురు బుట్ట

ఆరేళ్ళలో వాళ్ళ గుమ్మం దాటడం అదే మొదలు. వాకిట్లో రెండేళ్ళు నిండబోతున్న పిల్ల తప్పటడుగులు వేస్తోంది. ఒంటిమీద ఎర్ర పువ్వుల చీటీ గుడ్డ గౌను. నేను రెండో ఏడాది తెచ్చినది, అన్నిటికంటే చిన్నది. రంగు కొత్తగానే ఉంది. అన్నాళ్ళూ ఎవరూ తొడుక్కోలేదు.

గురుబారి నన్ను చూసి, లోపలికి వెళ్ళి, వెదురు బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది. మిగతా మూడు గౌన్లూ అందులో ఉన్నాయి. మూడేళ్ళ పిల్లది, నాలుగేళ్ళది, ఆరేళ్ళది. మడత కూడా విప్పలేదు, పురుగు పట్టకుండా వేపాకు వేసి ఉంచింది.

"పిల్ల ఎదిగినాక ఏస్తాను బాబూ. పారెయ్యలేదు" అంది.

గౌన్లు వాడలేదని నేను మళ్ళీ కేకలేస్తానని ఆవిడ భయం! నేను తిండి పెట్టడం లేదా అని అరిచిన రోజుకి రెండో బిడ్డ పోయి కొన్నాళ్ళే అయిందని, వీపున ఉన్నది మూడో పసికందని బుద్రు తరవాత చాటుగా చెప్పాడు. పోనాది అని నోటితో అనకూడదు కాబట్టి, నువ్వు తల్లివేనా అన్నా కూడా ఆవిడ ఒక్క మాట అనలేదు. నేను ఆ వాకిట్లో ఏడ్చాను. చదువుకున్నవాణ్ణి, దొరగారి మనిషిని, తుపాకీ పట్టుకుని వచ్చినవాణ్ణి, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. గురుబారి బుద్రుతో వాళ్ళ మాటల్లో ఏదో అంది. ఏమందని అడిగాను.

"ఏడవకు అంతంది. పిల్ల ఇంటాది, బెంగెట్టుకుంటాది అంతంది" అన్నాడు.

కళ్ళు తుడుచుకుని, బుద్ధి లేనివాడిలా ఇంకో ప్రశ్న వేశాను. "ఈ పిల్ల ఎన్నో పుల్మతమ్మా?"

గురుబారి నాకేసి జాలిగా చూసింది. "ఒకర్తే బాబూ" అంది.

ఉత్తరాలు

ఎవరినీ కాల్చలేదు. దొరకి పది పేజీల ఉత్తరం రాశాను. సిద్ధాంతం అబద్ధం, పట్టిక అబద్ధం, పేరు వేయవద్దు, వ్యాసం పంపవద్దు, ఉద్యోగంలోంచి తీసెయ్యదలుచుకుంటే తీసెయ్యండి అని. జవాబు వచ్చేదాకా అన్నం సహించలేదు.

జవాబు ఒక పేజీయే. వ్యాసం చింపేశానన్నాడు. కింద ఇలా రాశాడు: "కొండముచ్చు పిల్లలు నల్లగా పుడతాయని నేను ఎప్పుడో చదివాను. మీకు చెప్పలేదు. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను. తప్పు నాది కూడా. జనవరిలో మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి."

చూశారా? దొరకి తెలుసు, నాకు చెప్పలేదు. బుద్రుకి తెలుసు, చెబితే నేను వినలేదు. ఇద్దరి మధ్యా కూర్చుని నేను పట్టిక గీశాను. ఆ దొర మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా, ఆ "మొదటి పేజీ నుంచి" అన్న మాటకి దండం పెడతాను. తరవాత పనిచేసిన పెద్దలెవరూ నాతో ఆ మాట అనలేదు. అచ్చయిన తప్పుల్ని కాపాడుకోవడమే చూశాను.

మళ్ళీ మొదలుపెట్టాను. నెలలు మార్చి మార్చి వెళ్ళాను. రెండుసార్లు కొండజ్వరం తగిలింది. పిల్లలు ఎందుకు పోతున్నాయో కనిపెట్టాలని నా పట్టుదల. చైత్రంలోనే ఎక్కువ పోతున్నాయి. పోడు మంటలా? చైత్రం పండగకి బయటి పల్లెల వాళ్ళు వేటకి వచ్చి మందని చెదరగొట్టడమా? చిరుతా? ఒక ఏడు కొత్త పెద్ద మగది మందలోకి వచ్చాక పిల్లలు కనబడకుండా పోయాయి. ఇంకో ఏడు ఏ కొత్త మగదీ రాకుండానే పోయాయి. ఒకటి రుజువు చేద్దామంటే రెండోది అడ్డం వచ్చేది. ఆఖరికి బుద్రునే అడిగాను.

"ఉండబుద్ధి కాలేదేటో బాబూ" అన్నాడు.

నాలుగేళ్ళ పరిశోధన తరవాత దానికంటే మెరుగైన జవాబు నా దగ్గర లేదు. మీరు కొత్త పరికరాలతో వెళుతున్నారు, కనుక్కుంటే నాకు ఒక కార్డు ముక్క రాయండి. ఒకటి మాత్రం మార్చుకున్నాను. ఉందా అని అడగడం మానేసి, "మొన్న చూసిందేనా ఇది?" అని అడగడం నేర్చుకున్నాను. దానికి బుద్రు బాగా ఆలోచించుకుని, ఒక్కోసారి ఔననీ కాదనీ కూడా చెప్పేవాడు. అప్పుడు రెండు గళ్ళు గీసి రెండూ రాసేవాణ్ణి. దొర ఆ గళ్ళని అలాగే ఉంచాడు.

ఆఖరి మజిలీ

పదో ఏడాది మజిలీ ఎత్తేశారు. దొర సీమ వెళ్ళిపోయాడు, వచ్చిన కొత్తాయనకి చేపలంటే ఇష్టం. నన్ను మళ్ళీ పీచు కూరే గదికి పిలిచారు. సామాను సర్దుకుని బుద్రు పల్లెకి వెళ్ళాను. ఆ నాలుగింటి తరవాత ఇంకో గౌను తీసికెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు, ఈసారి కుట్టిద్దామనుకున్నా కంగారులో కుదరలేదు. వట్టి చేతులతోనే వెళ్ళాను.

గెడ్డ దగ్గరే ఎదురయ్యారు. ముందు గురుబారి, వెనక చిన్న బిందె నెత్తిన పెట్టుకుని పుల్మతి. ఐదేళ్ళు దాటాయి. పళ్ళు బయటపెట్టి నవ్వుతోంది. ఒంటిమీద నాలుగో గౌను, అన్నిటికంటే పెద్దది. అది మోకాళ్ళ పైకి ఎగిరిపోయింది, చంకల దగ్గర కుట్లు వీడిపోయాయి. పిల్ల ఏపుగా, చోడిమొక్కలా ఎదిగింది.

గురుబారి నా ఖాళీ చేతులకేసి చూసింది. పదేళ్ళలో ఆవిడ నా మీద గొంతెత్తడం అదొక్కసారే.

"ఏటి బాబూ, ఇంత పొట్టి గౌను తెచ్చినావు? పిల్లన్నాక ఎదగదేటి? సదూకున్నోడివి, ఆ మాత్రం తెలీదా?"

బుద్రు పకపకా నవ్వాడు. నేను జేబులోంచి కొలత టేపు తీసి, పిల్లని రాతి పక్కన తిన్నగా నిలబెట్టి, భుజం నుంచి మడమ దాకా కొలిచాను. నోటుబుక్కు ఆఖరి పేజీలో ఆ కొలత రాసి, పక్కన అంకె వెయ్యకుండా పుల్మతి అని రాశాను. ఎన్నోదో రాయలేదు.